ముప్పై వేల కోట్ల పాట

2025 నవంబర్‌లో హర్యానాలో ఒక కారు నంబరు ఆన్‌లైన్ వేలంలో 1.17 కోట్లు పలికింది. నంబరు హెచ్‌ఆర్ 88 బి 8888. ఇంగ్లిష్ 'బి' కూడా కాస్త దూరం నుంచి ఎనిమిదిలాగే ఉంటుంది కాబట్టి ప్లేటు నిండా ఎనిమిదులే కనిపిస్తాయి. కనీస ధర 50 వేలు. దేశంలోనే అత్యంత ఖరీదైన నంబరని వార్తలు హోరెత్తాయి. గడువు దాటిపోయింది, గెలిచినాయన డబ్బు కట్టలేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ కలిపి ఆయనకి పోయింది 11 వేలు. ఆయన ఆస్తులూ ఆదాయమూ ఎంతో విచారించమని ఆ రాష్ట్ర రవాణా మంత్రి ఆదేశించాడు.

దీనికి ముందు 2023 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లో హెచ్‌పి 99 9999 అనే స్కూటీ నంబరుకి 1.12 కోట్లు పాడారు. స్కూటీ ఖరీదు లక్ష ఉంటుందేమో. అక్కడ మొదటి స్థానంలో ఉన్నవాడే కాదు, రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు కూడా డబ్బు కట్టకుండా తప్పుకున్నారు.

ఇవి చూసి అందరం నవ్వుకున్నాం. కానీ ఒక చిన్న లెక్క వేస్తే నవ్వు కాస్త తగ్గుతుంది. 1.17 కోట్ల పాటకి 11 వేలు పూచీ అంటే, వంద రూపాయల మాటకి తొమ్మిది పైసల హామీ. ఆ వేలంలో నిజంగా అమ్ముడైంది కారు నంబరు కాదు. 'దేశంలోనే హెచ్చు పాట నాది' అని రెండ్రోజులు అనిపించుకునే అవకాశం. దాని ధర 11 వేలు. ఆ ధర మటుకు ముందే వసూలైంది.

ఇదంతా ఉత్తరాది పిచ్చి అనుకుంటే పొరపాటు. ఇంతకన్నా చాలా పెద్దది మన హైదరాబాదులోనే జరిగింది. అక్కడ వేలానికొచ్చింది కారు నంబరు కాదు, మెట్రో రైలు. పలికిన మొత్తం 30,311 కోట్లు. గెలిచిన పాటదారు వంద రూపాయలకి పెట్టిన పూచీ 23 పైసలు.

ఆ కథలోకి వెళ్లే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఇది కొత్త జబ్బు కాదు.

*

మన భాషలో వేలానికి 'పాట' అంటాం. బిడ్ వేసేవాడు పాటదారు. ఎక్కువ చెప్తే హెచ్చు పాట. రేటు పెంచడానికి అమ్మేవాడే మనిషిని పెట్టి చెప్పిస్తే దొంగ పాట. 'వేలం' అన్న మాట మాత్రం మనది కాదు. పోర్చుగీసువాళ్ల 'లెయిలావ్' ఓడ దిగి తమిళంలో ఏలం, మలయాళంలో లేలం, హిందీలో నీలాం, తెలుగులో వేలం అయింది. మాట అరువుదే అయినా దాన్నించి మనం తయారుచేసుకున్న ఇంకో మాట ఉంది: వేలంవెర్రి. పక్కవాడు పాడాడు కాబట్టి నేనూ పాడతాను, వాడు పెంచాడు కాబట్టి నేనూ పెంచుతాను. అర్థశాస్త్రజ్ఞులు దీని చుట్టుపక్కలకి చేరడానికి చాలాకాలం పట్టింది. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే చమురు కంపెనీలో పనిచేసే ముగ్గురు ఇంజినీర్లు ఒక పేపర్ రాశారు. సముద్రం అడుగున చమురు ఎంతుందో ఎవరికీ సరిగ్గా తెలియనప్పుడు, అందరికన్నా ఎక్కువ పాడి గెలిచేవాడు సాధారణంగా అందరికన్నా ఎక్కువ పొరబడ్డవాడే అయ్యుంటాడని దాని సారాంశం. 'విన్నర్స్ కర్స్', అంటే విజేత శాపం, అక్కణ్ణించి వచ్చిందే.

అయితే విజేత శాపం తగిలేది నిజాయితీగా డబ్బు కట్టేవాడికి. కట్టనివాడికి శాపమేముంది? అందుకని నమ్మశక్యం కాని పాటల్ని మూడు రకాలుగా విడదీసి చూడాలి. ఒకటి, లెక్క తప్పి పాడిన పాట. రెండు, కట్టే ఉద్దేశమే లేకుండా సరదాకో పేరుకో పాడిన పాట. మూడోది అసలైనది: గెలిచాక చేతికొచ్చేదానితోనే కట్టొచ్చులే అన్న ధీమాతో పాడిన పాట. ఈ మూడో రకం పాటదారు అబద్ధం చెప్పడు, అలాగని అతని దగ్గర డబ్బూ ఉండదు. అతని లెక్క ఇంకోచోట ఉంటుంది.

దీనికి చరిత్రలో దొరికే అతి పెద్ద ఉదాహరణ రోమ్. క్రీ.శ. 193 మార్చి 28న చక్రవర్తి అంగరక్షక దళం పెర్టినాక్స్ అనే చక్రవర్తిని చంపేసి, సింహాసనాన్ని అక్షరాలా వేలానికి పెట్టింది. చనిపోయిన చక్రవర్తి మామగారు సల్పిసియానస్ సైనిక శిబిరం లోపల్నించి పాడుతుంటే, డిడియస్ జూలియానస్ అనే ధనికుడు గోడ బయట నిలబడి పాడాడు. సైనికుడికి 20 వేల సెస్టర్సుల దాకా వచ్చాక, జూలియానస్ ఒక్కసారిగా ఇంకో 5 వేలు పెంచి, గట్టిగా అరుస్తూ వేళ్లతో చూపించాడని ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. పాట అతనికే ఖాయమైంది. అంత డబ్బు అతని దగ్గరా లేదు, ఖజానాలోనూ లేదని హెరోడియన్ అనే ఇంకో చరిత్రకారుడు అంటాడు. 66 రోజుల తర్వాత అతన్నీ చంపేశారు. అమ్మిన సైనికులెవరూ అతన్ని కాపాడలేదు.

మన నేల మీదకి వద్దాం. 1802 నుంచి రెండు మూడేళ్లలో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. పాత జమీందారుల భూములు వాళ్ల పేరనే ఖాయమయ్యాయి. కంపెనీ చేతికింద నేరుగా ఉన్న హవేలీ భూముల్ని మాత్రం ముఠాలుగా విడగొట్టి, ఏటా కట్టాల్సిన పేష్కషు నిర్ణయించి, బహిరంగంగా వేలం వేశారు. కొన్నవాళ్లలో వ్యవసాయంతో సంబంధం లేని వర్తకులూ, కంపెనీ దొరల దుబాసీలూ ఉన్నారు. పాట డబ్బు, ఏటేటా పేష్కషు, పైన లాభం, ఇవన్నీ రైతు దగ్గర్నించే రావాలి. వానలు బాగా పడి, ధరలు బాగుంటే సరే. లేకపోతే? చాలామంది ముఠాదారులు కొద్ది ఏళ్లలోనే బకాయిపడ్డారు, ముఠాలు జప్తయ్యాయి, మళ్లీ వేలానికొచ్చాయి. కొన్నిటిని చివరికి కంపెనీయే తిరిగి కొనుక్కుంది. పోటీలో పెరిగిన పాటని మొయ్యాల్సిన రైతుకి ఆ వేలం జరిగినప్పుడు నోరు విప్పే హక్కే లేదు. నా మటుకు ఈ చరిత్రలో ముఖ్యమైన విషయం ఇదే. హెచ్చు పాట ఖరీదుని భరించేవాడు ఎప్పుడూ ఆ గదిలో ఉండడు.

1995లో ఇదే కథ టెలిఫోన్లకి పట్టింది. అప్పటిదాకా ఫోనంటే ప్రభుత్వానిదే. మొదటిసారి ప్రైవేటు కంపెనీలకి ల్యాండ్‌లైన్ సర్వీసు ఇవ్వడానికి దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి టెండర్లు పిలిచారు. కవర్లు తెరిచి చూస్తే హిమాచల్ ఫ్యూచరిస్టిక్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీ ముందుండి నడిపించిన కూటమి తొమ్మిది సర్కిళ్లలో అందరికన్నా ముందుంది. 15 ఏళ్లలో కడతామన్న మొత్తం దాదాపు 85 వేల కోట్లు. ఆ కంపెనీ ఏడాది టర్నోవర్ 200 కోట్ల చుట్టుపక్కల. అప్పుడు టెలికాం మంత్రి సుఖ్‌రామ్. కట్టగలరా అని అడగడానికి బదులు ప్రభుత్వం, ఒక కంపెనీకి ఇన్ని సర్కిళ్లకి మించి ఇవ్వం అని పరిమితి పెట్టింది. అదీ కవర్లు తెరిచాక. దాంతో ఆ కూటమి మిగతా సర్కిళ్ల నుంచి డిపాజిట్ పోకుండా గౌరవంగా బయటపడింది. పార్లమెంటులో పెద్ద గొడవే జరిగింది. ఇక మిగిలిన టెలికాం కంపెనీలు కూడా తాము పాడిన లైసెన్సు ఫీజుల్ని కట్టలేక చేతులెత్తేస్తే, 1999 టెలికాం విధానంలో స్థిరమైన ఫీజు తీసేసి, వచ్చిన ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారు. అంటే ఒక రంగం మొత్తం పాడిన పాటని వెనక్కి తీసుకుంటే, ప్రభుత్వం సరే అంది.

*

ఇప్పుడు హైదరాబాద్ మెట్రో.

2008. రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం. మియాపూర్–ఎల్‌బి నగర్, నాగోల్–శిల్పారామం, జూబ్లీ బస్‌స్టేషన్–ఫలక్‌నుమా, ఈ మూడు కారిడార్లని ప్రైవేటు కంపెనీ కట్టి, కొన్ని దశాబ్దాలు నడుపుకుని, తర్వాత ప్రభుత్వానికి అప్పగించాలి. మెట్రోలు టికెట్ల మీదే గిట్టుబాటయ్యేవి కావు. అందుకే కేంద్రంలో 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్' అనే పథకం ఉంది. ప్రాజెక్టు ఖర్చులో 20 శాతం దాకా కేంద్రం, ఇంకో 20 శాతం దాకా రాష్ట్రం ఇవ్వొచ్చు. కాబట్టి ఇక్కడ వేలం తలకిందుల వేలం. ఎవరు ప్రభుత్వాన్ని తక్కువ గ్రాంటు అడిగితే వాళ్లే విజేత.

మిగతా పోటీదార్లు వేల కోట్లలో గ్రాంటు అడిగారు. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కూటమి (ఇందులో నవభారత్, థాయ్‌లాండ్ కంపెనీ ఇటల్-థాయ్, ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూడా ఉన్నాయి) ఒక్క పైసా అక్కర్లేదంది. అక్కడితో ఆగకుండా, మేమే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు ఇస్తామంది. ప్రపంచంలో ఎక్కడా మెట్రో కట్టేవాడు ప్రభుత్వానికి ఎదురు డబ్బిచ్చింది లేదని మంత్రులూ పత్రికలూ మురిసిపోయారు. నిజమే. ఎక్కడా లేకపోవడానికి ఏదో కారణం ఉండాలి కదా అన్న అనుమానం మాత్రం చాలామందికి రాలేదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. 30,311 కోట్లు ఒక్కసారి చేతిలో పెట్టే డబ్బు కాదు. మూడు దశాబ్దాలకి పైగా విడతల వారీగా ఇచ్చేది. ఎక్కువ భాగం చివరి ఏళ్లలో. ఎప్పుడో 2035లో వచ్చే వంద రూపాయలకి 2008లో ఎంత విలువ? అలా వడ్డీ తీసేసి చూస్తే ఆ మొత్తం అప్పటి విలువ 1,240 కోట్లు అని అప్పుడే లెక్క చెప్పారు. అంటే హెడ్‌లైన్ అసలు విలువకి 24 రెట్లు పెద్దది. ఇది రహస్యమేమీ కాదు, పేపర్లలోనే వచ్చింది. కానీ 1,240 ఎవరికీ గుర్తులేదు, 30,311 గుర్తుంది.

ఒక మనిషికి అనుమానమొచ్చింది. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్. హైదరాబాద్ మెట్రోకి ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసింది ఆయన సంస్థే. కాబట్టి ఈ మార్గాల్లో ఎంతమంది ఎక్కుతారో, టికెట్ల మీద ఎంతొస్తుందో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. 2008 సెప్టెంబర్‌లో ఆయన ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లువాలియాకి లేఖ రాశాడు. వందల ఎకరాల విలువైన ప్రభుత్వ భూమిని వాణిజ్యానికి ఆపరేటర్ చేతిలో పెట్టడం ఇంట్లో వెండి సామాను అమ్ముకోవడం లాంటిదన్నాడు. ఆపరేటర్ అసలు ఉద్దేశం వేరే ఉందనీ, మెట్రోని తన సొంత భూములున్న వైపు పొడిగించుకుని వాటి ధర నాలుగైదు రెట్లు పెంచుకోవడమే అయ్యుంటుందనీ, ఇది ముందు ముందు పెద్ద కుంభకోణం అవుతుందనీ హెచ్చరించాడు.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? ఆ మాటలు వెనక్కి తీసుకోవాలి, క్షమాపణ చెప్పాలి, లేకపోతే పరువు నష్టం దావా వేస్తామంది. అదే సెప్టెంబర్‌లో మేటాస్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

మూడు నెలలు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, 160 కోట్ల డాలర్లు పెట్టి మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కొంటామని ప్రకటించింది. మేటాస్ అంటే ఇంగ్లిష్‌లో సత్యం పేరు తిరగేసి రాసిందే. రెండూ రామలింగరాజు కుటుంబానివే. అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోవడంతో గంటల్లోనే ఆ ఆలోచన విరమించుకున్నారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. సత్యం ఖాతాల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. మేటాస్‌ని కొనాలనుకున్నది ఆ లేని డబ్బు స్థానంలో నిజమైన ఆస్తుల్ని నింపడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని ఆ లేఖలోనే ఉంది. ఆ రోజుకి ఇంజినీరింగ్ చదువుతున్న మా తరానికి ఇది ఉద్యోగాల వార్త. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్లు ఏమవుతాయన్నదే మా గోల. మెట్రో సంగతి ఎవరికి పట్టింది?

మేటాస్ కూటమి 2009 మార్చికల్లా బ్యాంకుల నుంచి అప్పు ఖాయం చేసుకోవాలి. అలాంటి పేరున్న కంపెనీకి ఆ సమయంలో అప్పిచ్చే బ్యాంకు ఎక్కడుంటుంది? గడువు దాటింది. జూలైలో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసి, బ్యాంకు గ్యారంటీల రూపంలో ఉన్న 71 కోట్లు జప్తు చేసుకుంది. 30,311లో 71. వంద రూపాయలకి 23 పైసలు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. సత్యం కూలకపోతే మేటాస్ కట్టేదేమో కదా? కట్టేదేమో. ఎలా కట్టేది అన్నదే అసలు విషయం. టికెట్ల మీద కాదన్నది శ్రీధరన్ లెక్క. భూమి మీద. 2008 మొదటి సగం దాకా హైదరాబాదులో భూమి ఎప్పటికీ పెరుగుతూనే ఉండేది. ఆ నమ్మకం మీద ముప్పై ఏళ్ల పాట పాడారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కూలి, ప్రపంచమంతా భూమి ధరలు తలకిందులయ్యాయి. సత్యం లేకపోయినా ఆ లెక్క నిలిచేదని నేను అనుకోను. డిడియస్ జూలియానస్ రోమ్ ఖజానాని నమ్ముకున్నట్టు, ముఠాదారు రైతుని నమ్ముకున్నట్టు, మేటాస్ గెలిచాక వచ్చేదాన్ని నమ్ముకుంది.

రెండోసారి టెండరు 2010 జూలైలో తెరిచారు. ఎల్ అండ్ టి గెలిచింది. ఎదురు ఇవ్వడం మాట దేవుడెరుగు, 1,458 కోట్లు గ్రాంటు కావాలంది. పోటీలో అదే అందరికన్నా తక్కువ. ప్రాజెక్టు ఖర్చు అంచనా 12,132 కోట్లు. మొదటి రైలు కదిలింది 2017 నవంబర్ 28న. మొదటి ఒప్పందానికీ రెండో ఒప్పందానికీ మధ్య పోయింది రెండేళ్లు. ఆ రెండేళ్లూ కూకట్‌పల్లి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడ్డ మనుషుల గంటల్ని ఆ 71 కోట్ల నుంచి ఎవరూ తీసివేసి చూడలేదు.

న్యాయంగా పాడిన పాట కూడా సుఖపడలేదన్నది వేరే సంగతి. 2025 సెప్టెంబర్‌లో, దాదాపు 13 వేల కోట్ల అప్పుని తన మీద వేసుకుని, కంపెనీకి సుమారు 2 వేల కోట్లు ఇచ్చి, మెట్రోని తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1,458 కోట్లు గ్రాంటు అడిగినవాళ్లకే గిట్టని ప్రాజెక్టులో 30,311 కోట్లు ఎదురు ఎక్కణ్ణించి వచ్చేవో ఊహించుకోవచ్చు.

*

మియాపూర్‌లో మెట్రో దిగి బాచుపల్లి వైపు వస్తే ఈ కథ ఇంకో ముక్క కనిపిస్తుంది. నిజాంపేట–బాచుపల్లి మధ్య గుట్ట మీద హిల్ కౌంటీ అని విల్లాలూ అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. ఒకప్పుడు దాని పేరు మేటాస్ హిల్ కౌంటీ. మేటాస్ ప్రాపర్టీస్ వాళ్ల టౌన్‌షిప్. 2009 జనవరి తర్వాత పని ఆగిపోయింది. కొన్నవాళ్లలో చాలామంది బ్యాంకు లోన్లు తీసుకున్న ఉద్యోగస్తులు. ఇల్లు రాలేదు, ఈఎంఐ ఆగలేదు. కంపెనీ లా బోర్డు దాకా వెళ్లి పోరాడితే, చివరికి 2011లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ ఆ కంపెనీని తీసుకుని మిగతా పని మొదలుపెట్టింది. మెట్రో కూటమిలో భాగస్వామి కూడా అదే సంస్థ అని పైన చెప్పాను. 2018లో ఆ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్సే అప్పులు కట్టలేక కుప్పకూలి, కేంద్రం దాని బోర్డుని మార్చాల్సొచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మాట తప్పినప్పుడు అందరికీ ఒకే శిక్ష పడదు. హిల్ కౌంటీలో ఫ్లాటు బుక్ చేసుకున్నవాడు ఒక నెల వాయిదా కట్టకపోతే బ్యాంకు నుంచి ఫోనొస్తుంది. మూడు నెలలు దాటితే అది మొండి బాకీ, తర్వాత సిబిల్ స్కోరు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. 30 వేల కోట్ల మాట ఇచ్చినవాడికి పోయింది దానిలో పావు శాతం కన్నా తక్కువ.

మన సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్ వేరు, పేమెంట్ వేరు. ఆర్డర్ పెట్టినవాళ్లందరూ డబ్బు కట్టినట్టు లెక్కేసి రెవెన్యూ రిపోర్టు పంపితే, డెమో మధ్యలోనే మేనేజర్ ఆపేస్తాడు. ప్రభుత్వ వేలాల విషయంలో మాత్రం పాట ముగిసిన సాయంత్రమే మొత్తం 'వచ్చేసింది'. 2006లో కోకాపేటలో అప్పటి హుడా గోల్డెన్ మైల్ పేరుతో భూమి వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 14.45 కోట్లు పలికింది. ఊళ్లో అదే మాట. తర్వాత ఆ భూమి హక్కు మీద కేసులున్నాయని బయటపడి, పాడుకున్నవాళ్లు మిగతా డబ్బు కట్టం, కట్టింది వెనక్కివ్వండి అని కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడ తప్పు పాటదారుదే అనలేం, అమ్మేవాడి సరుకులోనే లోపం ఉంది. కానీ 14.45 కోట్లు అన్న అంకె ఆ కేసులు తేలేదాకా ఆగలేదు. మర్నాటి నుంచే చుట్టుపక్కల ఊళ్లలో ఎకరానికి కొలబద్ద అయి కూర్చుంది.

ఇప్పుడు వేలాలన్నీ ఆన్‌లైన్. అదే కోకాపేటలో 2021 జూలైలో ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు, 2023 ఆగస్టులో 100.75 కోట్లు, 2025 నవంబర్‌లో 151.25 కోట్లు. ఇవి కట్టని పాటలని నేను అనడం లేదు. హెచ్‌ఎండీఏ 2023లో మా బాచుపల్లిలో వేసిన ప్లాట్ల ఈ-వేలమూ అంతే, కొనుక్కున్న మామూలు కుటుంబాలున్నాయి. నేను అనేది వేరు. పాట పాడిన క్షణం నుంచి అది రేటు అయిపోతుంది. ప్రగతినగర్‌లో వంద గజాలు అమ్మేవాడు కూడా కోకాపేట అంకెతోనే మాట మొదలుపెడతాడు. అపార్ట్‌మెంట్ బ్రోషర్లు అచ్చవుతాయి. రేపు ఒకవేళ ఆ పాటదారు వాయిదా కట్టకపోతే అతని డిపాజిట్ పోతుంది, భూమి మళ్లీ వేలానికొస్తుంది. కానీ ఈలోపు ఆ రేటు చూసి అప్పుచేసి కొన్నవాడి లోను మళ్లీ వేలానికి రాదు. ముఠాల వేలంలో రైతు ఉన్న చోట ఇప్పుడు అతను ఉన్నాడు.

చట్టం ఏమంటుంది? 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 64వ సెక్షన్ వేలాల గురించే. అమ్మేవాడు దొంగ పాటతో ధర పెంచితే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. సుత్తి దెబ్బ పడేదాకా పాడినవాడు తన పాటని వెనక్కి తీసుకోవచ్చు. అది సరుకులకే, భూములకి కాదు. పైగా రెండూ అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య సంగతులు. ఉత్త పాటని చూసి మోసపోయిన మూడో మనిషి అందులో లేడు. అతన్ని కాపాడగలిగింది ఒకటే, పాడేవాడి దగ్గర ముందే తీసుకునే డబ్బు.

డిపాజిట్ ఎందుకు పెంచరు అంటే ఒకటే జవాబు వినిపిస్తుంది. పెంచితే పాడేవాళ్లు రారు, పోటీ తగ్గుతుంది, ధర పడిపోతుంది. నిజమైన కారణం కొంచెం వేరని నాకు అనిపిస్తుంది. పెద్ద అంకె అమ్మేవాడికి ఊరికే పనికొస్తుంది. 2008లో ఆ 30,311 ప్రభుత్వానికి రూపాయి రాకముందే ఎంత పేరు తెచ్చిపెట్టిందో చూశాం. అనుమానించినవాడి మీద దావా వేస్తామనేంత పేరు. అలాంటి అంకె నిజమా కాదా అని పరీక్షించే డిపాజిట్‌ని అమ్మేవాడే ఎందుకు పెడతాడు?

పెట్టినవాళ్లు లేకపోలేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2023లో 27 లక్షలు పలికింది. 2024లో ఉత్సవ సమితి ఒక నిబంధన పెట్టింది. వేలంలో పాల్గొనాలంటే ముందటేడాది పలికిన 27 లక్షలూ ముందే డిపాజిట్ చెయ్యాలి. ఐఏఎస్‌లు లేరు, కన్సల్టెంట్లు లేరు, ప్రణాళికా సంఘం లేదు. ఊరి కమిటీ కూర్చుని రాసుకున్న రూలు. ఆ ఏడాది లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు.